నీరసం ఎక్కడినుంచి వచ్చింది?

"ఒంట్లో ఓపిక ఉండటం లేదండీ!"

ఈ మాట అనని ఇల్లాలు ఉంటే చూపించండి. పొద్దున్నే పాల ప్యాకెట్టు అందుకునేటప్పుడు అనుకుంటాం, మధ్యాహ్నం అంట్లు సర్దుకునేటప్పుడు అనుకుంటాం, రాత్రి పక్కలు వేసేటప్పుడు మళ్ళీ అనుకుంటాం. అలవాటైపోయిన మాట కాబట్టి ఇంట్లో ఎవరూ చెవిన పెట్టరు. మనమూ పట్టించుకోం. మరీ కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటే, అప్పుడు శ్రీవారు మందుల షాపుకి వెళ్ళి ఒక టానిక్కు సీసా తెచ్చి బల్లమీద పెడతారు. "రోజూ రెండు చెంచాలు తాగు, రక్తం పడుతుంది" అంటారు. దాంతో ఆయన బాధ్యత తీరిపోయింది, మన నీరసానికి వైద్యమూ అయిపోయింది!

సీసా అయిపోతుంది. నీరసం మాత్రం పోదు. ఇంకో సీసా వస్తుంది.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. నలభై రెండేళ్ళుంటాయి. వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద ఎప్పుడు చూసినా ఏదో ఒక రక్తం టానిక్కు ఉండేది. మెట్లెక్కితే ఆయాసం, అరచేతులు తెల్లగా పాలిపోయి ఉండేవి, జుట్టు దువ్వెనకే వచ్చేసేది. ఆడపడుచు బలవంతం మీద ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 వచ్చింది. డాక్టరమ్మ మందు రాయడానికి కలం తియ్యలేదు. ముందు ఒక ప్రశ్న అడిగింది. "నెలసరి ఎన్నిరోజులు ఉంటుందమ్మా?"

"తొమ్మిది రోజులండీ. మాకు వంశంలోనే అంత. మా అమ్మకీ అంతే" అన్నారట ఈవిడ చాలా మామూలుగా. మొదటి మూడు రోజులు గంటకోసారి గుడ్డ మార్చుకోవాల్సి రావడం, గడ్డలు పడటం, రాత్రి పరుపు మీద ప్లాస్టిక్ షీటు పరుచుకు పడుకోవడం... ఇవేవీ జబ్బు కింద లెక్కే కాదు ఆవిడకి. పదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. స్కానింగు తీస్తే గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు కనిపించాయి. అడుగున చిల్లు ఉన్న బిందెలోకి పైనుంచి రెండేసి చెంచాలు పోస్తూ వచ్చారన్నమాట ఇన్నాళ్ళూ!

ఆవిడ కథ విన్నాక నాకు జపాను వాళ్ళ సంగతి ఒకటి గుర్తొచ్చింది. టొయోటా కార్ల కంపెనీలో తాయిచి ఓనో అనే ఇంజనీరు ఉండేవాడు. కర్మాగారంలో ఏదైనా చెడితే అయిదుసార్లు 'ఎందుకు?' అని అడగమనేవాడు. ఆయన చెప్పిన ఉదాహరణ ఇది. యంత్రం ఎందుకాగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకెక్కువైంది? బేరింగుకి నూనె సరిగా అందలేదు. ఎందుకు అందలేదు? నూనె పంపు సరిగా తోడటంలేదు. ఎందుకు తోడటంలేదు? పంపు ఇరుసు అరిగిపోయింది. ఎందుకరిగింది? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు ఒక్కటీ మార్చి ఊరుకుంటే యంత్రం మళ్ళీ ఆగేది. జల్లెడ పెట్టాక కానీ బాగుపడలేదు. మన ఇళ్ళలో మూడేళ్ళ పిల్లాడు రోజంతా చేసే పని ఇదే. మనం విసుక్కుని నోరు మూయిస్తాం!

'రక్తం తక్కువగా ఉంది' అనేది జబ్బు పేరు కాదు. ఫ్యూజు పోయిందని చెప్పడంలాంటిది. ఎందుకు తక్కువైందన్నది అక్కడినుంచి మొదలుపెట్టాల్సిన ప్రశ్న.

ఇది ఒకరిద్దరి గొడవైతే ఇంత రాయనక్కర్లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అదే వయసు మగవాళ్ళలో నూటికి 25 మందే. గర్భం లేని ఆడదానికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి, అంతకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. "ఆడవాళ్ళకి పది ఉంటే చాల్లే" అనే మాట చాలా ఇళ్ళలో వింటూంటాను. ఎవరు పెట్టారో ఈ కొలత!

సరే, రక్తం తగ్గడానికి కారణాలు వెతకాలంటే ఎక్కడెక్కడ చూడాలి?

మొదట, పోతున్నదెంతో చూడాలి. సిగ్గుపడి దాచుకునే విషయం కాబట్టి దీన్ని అందరికంటే ముందు మనమే వదిలేస్తాం. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. అంటే చిన్న కాఫీ గ్లాసులో సగం కూడా ఉండదు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టు. ఎవరు కొలుస్తారండీ అంటారా? కొలవక్కర్లేదు. వారం దాటి అవుతున్నా, గంట రెండు గంటలకోసారి ప్యాడు మార్చాల్సి వస్తున్నా, రూపాయి బిళ్ళంత గడ్డలు పడుతున్నా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తున్నా ఎక్కువే. రెండు మిల్లీలీటర్ల రక్తం పోతే దాదాపు ఒక మిల్లీగ్రాము ఇనుము పోయినట్టు. మన తిండినుంచి ఒంటికి పట్టే ఇనుము రోజుకి ఒకటి, రెండు మిల్లీగ్రాములే. 80 మిల్లీలీటర్లు పోతే దాదాపు 40 మిల్లీగ్రాములు. నెలవారీ పద్దు రాసే ఇల్లాలికి ఈ లెక్క వేరే చెప్పాలా? ఆదాయం కంటే ఖర్చు ఎక్కువ!

ఎందుకు ఎక్కువ పోతోందన్నది మళ్ళీ ఇంకో 'ఎందుకు'. ఫైబ్రాయిడ్లు కావచ్చు. థైరాయిడ్ తక్కువగా పనిచేయడం కావచ్చు. దానికి నీరసమూ ఉంటుంది, నెలసరీ ఎక్కువవుతుంది, రెండూ ఒకే వేరునుంచి వచ్చిన కొమ్మలు. కాపర్-టి వేయించుకున్నవాళ్ళకి కూడా కొందరికి రక్తస్రావం పెరుగుతుంది. నలభై దాటాక "ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుందిలే" అని తోసిపారేయకండి. అలా ఉండచ్చు, కానీ ఆ మాట పరీక్ష చేశాక డాక్టరు చెప్పాలి, వదినగారో పిన్నిగారో కాదు. ఆగిపోయి ఏడాది దాటాక మళ్ళీ ఎర్రగా కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యొద్దు.

నెలసరి సక్రమంగానే ఉంది, అసలు ఆగిపోయి పదేళ్ళయింది, అయినా రక్తం లేదు... అలాంటివాళ్ళూ ఉంటారు. మా చుట్టాల్లో ఒక అత్తగారు అలాగే పాలిపోయారు. కోడలు పాపం రోజూ బీట్‌రూటు రసం తీసి ఇచ్చేది, దానిమ్మ ఒలిచి పెట్టేది. చివరికి తేలిందేమిటంటే, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండేళ్ళుగా వేసుకుంటున్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఎక్కువ కాలం వాడితే కొందరికి జీర్ణాశయంలో పుళ్ళు పడి లోలోపలే రక్తం కారుతుంది. పైకేమీ కనబడదు. మలం తారులా నల్లగా, జిగటగా అవడం దీనికొక గుర్తు. (ఇనుము మాత్రలు వాడుతున్నప్పుడు కూడా మలం నల్లబడుతుంది. ఆ రెంటినీ కలిపి కంగారు పడకండి, డాక్టరుకి రెండూ చెప్పండి.) గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్ళు ఇది చదివి మాత్ర మానేస్తారేమో! మీ అంతట మీరు మానొద్దు, రాసిన డాక్టరునే అడగండి. మొలలనుంచి కొద్దికొద్దిగా పోయే రక్తం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అదీ మనం ఎవరికీ చెప్పం కదా.

పల్లెల్లో, పొలం పనుల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళ విషయంలో ఇంకొకటి చూడాలి. కొంకిపురుగులు. మలంతో పాడైన తడిమట్టిలో వీటి గుడ్లు పగిలి పిల్లపురుగులు బయటికొచ్చి, ఒట్టి కాళ్ళ చర్మంలోంచి దూరి, పేగుకి చేరి అక్కడ కరుచుకుని రక్తం తాగుతాయి. మనం తిన్నది మనకెక్కడ మిగులుతుంది? 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రతో వీటిని వదిలించవచ్చు. పిల్లలకి బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర ఇవ్వడం 2015నుంచి జరుగుతోంది. "మా వాడికి పురుగులు లేవులెండి" అని ఆ రోజు బడి మాన్పించే తల్లులున్నారు. అలా చెయ్యకండి. అయితే వేరు మళ్ళీ పురుగు దగ్గర ఆగదు. మరుగుదొడ్డి వాడుతున్నామా లేదా, కాళ్ళకి చెప్పులున్నాయా లేవా అనే దాకా వెళ్తుంది.

ఇక రెండోవైపు. పోవడం లేదు, తింటూనే ఉన్నాం, కానీ ఒంటికి పట్టడం లేదు. ఇక్కడ మన వంటింట్లోనే ఒక దొంగ ఉన్నాడు. పేరు చెప్తే నన్ను తిడతారు. టీ!

అన్నం తిని చెయ్యి కడుక్కోగానే కప్పు టీ లేకపోతే ప్రాణం ఒప్పుకోదు చాలామందికి. టిఫినుతో కాఫీ సరేసరి. వీటిలోని టానిన్లలాంటి పదార్థాలు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును పట్టుకుని పేగులోకి ఇంకకుండా చేస్తాయి. తోటకూర వండి, తిని, పైన టీ తాగితే తోటకూరకి పెట్టిన డబ్బు సగం దండగే. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, భోజనానికి ఒక గంట ముందూ ఒక గంట తరువాతా టీ కాఫీలు వద్దని చెప్పింది. మానేయమనలేదు, గడియారం చూసి తాగమంది. ఇది పాటించడానికి పైసా ఖర్చు లేదు.

దీనికి ఎదురుగా మనకి మేలు చేసేది పులుపు. విటమిన్ సి ఉంటే అదే ఇనుము బాగా పడుతుంది. పప్పులో చివర నిమ్మకాయ పిండటం, అన్నంలో పచ్చి ఉసిరికాయ పచ్చడి, భోజనమయ్యాక ఒక జామకాయ... యాపిల్‌పండు కొనలేకపోయామని బాధపడే తల్లులకి చెప్తున్నాను, విటమిన్ సి విషయంలో జామకాయ ముందు యాపిల్ ఎందుకూ చాలదు. నిమ్మరసం పొయ్యిమీద ఉడికించకండి, దించాక పిండండి. సెనగలు, పెసలు నానబెట్టి మొలకలు తీసినా, ఇడ్లీ పిండి పులిసినా గింజల్లో ఇనుమును బంధించే ఫైటేట్లు తగ్గుతాయి. అమ్మమ్మల నాటి ఇనుప మూకుడు అటకమీద ఉంటే దించి తోమండి. అందులో పులుసుకూర వండితే పులుపుకి కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి, లేకపోతే నల్లబడి కనరెక్కుతుంది. మాంసం తినేవాళ్ళకి కార్జం, చేప, మాంసంలోని ఇనుము తేలిగ్గా పడుతుంది. కానీ ఆ ముక్కలు ఎవరి కంచంలోకి వెళ్తున్నాయన్నది వేరే ప్రశ్న. దాని దగ్గరికీ వస్తాను.

ఈలోగా ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళ అమ్మాయి తల్లి రాశారు. "మా అమ్మాయి దొంగతనంగా పచ్చిబియ్యం నములుతోంది. బలపాలు తింటోంది. పెళ్ళిలో వాన పడుతుందని భయపెట్టాం, కొట్టాం, బియ్యం డబ్బాకి తాళం వేశాం. మానటం లేదు. బియ్యం తినటం వల్లే పాలిపోయిందని మా అత్తగారు అంటున్నారు" అని. అమ్మా, ఇక్కడ బండి వెనక ఉంది, ఎద్దులు ముందున్నాయి, మీరు బండిని కొడుతున్నారు. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు చాలామందికి బియ్యం, మట్టి, బలపం, ఐసుముక్కలు తినాలనే వింత కోరిక పుడుతుంది. రక్తహీనతకి అదొక గుర్తు. బియ్యం ఎక్కువ తింటే అన్నం మీద ఆకలి చచ్చి ఇంకా నష్టం జరిగే మాట నిజమే. కానీ తాళం వెయ్యాల్సింది డబ్బాకి కాదు. పరీక్ష చేయించి ఇనుము అందిస్తే ఆ కోరిక చాలామందిలో దానంతటదే పోతుంది. దెబ్బలు కొట్టడం మానండి ముందు.

అన్ని నీరసాలూ ఇనుము వల్లే రావు. ఈ మాట వైద్యులకే తెలియని రోజులున్నాయి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో బాధపడుతున్నారు, ప్రాణాలు పోతున్నాయి. ఏదో సూక్ష్మజీవి అంటుకుందేమోనని ముందు వెతికారు. దొరకలేదు. అప్పుడు ఆమె ఆ ఆడవాళ్ళు ఏం తింటున్నారో చూశారు. పళ్ళూ కూరగాయలూ దాదాపు లేని తిండి. తరువాత ఈస్టునుంచి తీసిన మార్మైట్ అనే చౌక పదార్థం తినిపిస్తే రోగులు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించారు. ఆ పదార్థంలో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికిచ్చిన అమెరికా లెడర్లీ ప్రయోగశాలల బృందాన్ని నడిపించింది ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! ఇవాళ గర్భిణులకి ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే ఎర్రమాత్రలో ఇనుముతోపాటు ఉండేది అదే ఫోలిక్ ఆమ్లం. "ఊరికే ఇచ్చే మాత్ర, పనిచేస్తుందా ఏమన్నానా" అని కిటికీలోంచి పారేసేవాళ్ళు ఈ కథ ఒకసారి తలుచుకోండి.

బి12 లోపం ఇంకొకటి. ఇది ఆకుల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసాల్లో ఉంటుంది. కాళ్ళు చేతులు తిమ్మిర్లెక్కడం, నడకలో తూలు, మతిమరుపు దీనివల్ల రావచ్చు. శాకాహారుల ఇళ్ళలో పాలు పిల్లలకి, పెరుగు మగవాళ్ళకి, మిగిలిన నీళ్ళమజ్జిగ మనకి! బి12 ఎక్కడినుంచి వస్తుంది? తలసీమియా వాహకులకి కూడా పుట్టుకతోనే హిమోగ్లోబిన్ కొంచెం తక్కువుంటుంది, ఎంత ఇనుము మింగినా పెరగదు. అందుకే మందు మొదలుపెట్టే ముందు పరీక్ష.

ఇప్పుడు ఆ కంచం దగ్గరికి వద్దాం. అందరికీ వడ్డించాక, గిన్నెలు తుడుచుకుని తినే పద్ధతి మనది. కూర అయిపోతే పచ్చడి వేసుకుంటాం, చేపముక్క మిగిలితే "రాత్రికి వాడు తింటాడు" అని దాస్తాం. నిన్నటి అన్నం పారెయ్యలేక మనమే తింటాం. దీన్ని త్యాగమనీ, ఇల్లాలితనమనీ పొగుడుతారు. నాకు మాత్రం ఆ పొగడ్త మీద ఎప్పుడూ నమ్మకం లేదు. అయిదో 'ఎందుకు' అడిగితే చాలా ఇళ్ళలో జవాబు అక్కడే దొరుకుతుంది. రక్తం లేదు, ఎందుకు? ఇనుము లేదు. ఎందుకు? కూర తినలేదు. ఎందుకు? మిగల్లేదు. ఎందుకు? ఆఖర్న కూచుంది. ఆఖర్న ఎందుకు కూచుంది? ఈ ఒక్క ప్రశ్నకి టానిక్కు కంపెనీ వాళ్ళ దగ్గర మందు లేదు. అత్తగారినో, భర్తనో ఎదిరించమని నేను చెప్పటం లేదు. కూర దించగానే మీ వాటా ఒక చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి. పిల్లలకి టిఫిను బాక్సు సర్దినంత మామూలుగా. ఆడపిల్లల ఎదురుగా తియ్యండి, వాళ్ళూ చూస్తారు.

పరీక్ష విషయానికొస్తే, ఉట్టి హిమోగ్లోబిన్ కాకుండా సి.బి.పి. అనే పూర్తి రక్తపరీక్ష చేయించుకోండి. రక్తకణాలు చిన్నవిగా ఉన్నాయా, పెద్దవిగా ఉన్నాయా అన్నది అందులో తెలుస్తుంది. చిన్నవైతే ఇనుము వైపు, పెద్దవైతే ఫోలిక్, బి12 వైపు డాక్టరు వెతుకుతారు. ఫెరిటిన్ అనే పరీక్ష ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెబుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి. నెలసరి ఎన్నిరోజులు, ఎన్ని ప్యాడ్లు, ఏయే మాత్రలు వాడుతున్నారు, మలం రంగు, టీ ఎప్పుడు తాగుతారు. అక్కడికెళ్ళాక సిగ్గుతో సగం మర్చిపోతాం కాబట్టి కాగితం ఇచ్చేస్తే సరి.

ఇనుము మాత్ర రాసిస్తే నిమ్మరసంతో వేసుకోవడం మంచిది. పాలతో, టీతో, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. కడుపులో వికారమైతే తిన్నాక వేసుకోండి, మానకండి. నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. పెరగలేదంటే బ్రాండు మార్చమని అడగడం కాదు, ఎందుకు పెరగలేదని అడగండి. పెరిగింది కదా అని వెంటనే ఆపేసినా పొరపాటే. నిల్వలు నిండటానికి ఇంకో మూడు నెలలైనా వాడమంటారు.

మా వీధి ఆవిడ ఫైబ్రాయిడ్లకి వైద్యం చేయించుకున్నారు. ఏడు నెలల తరువాత హిమోగ్లోబిన్ 11.6కి వచ్చింది, ఇంకా మాత్రలు వాడుతున్నారు. ఫ్రిజ్ మీద సీసాలు లేవు. మాత్రల డబ్బాని పైఅరలో తాళం వేసి పెట్టారు, మనవడు పాకుతున్నాడని. మీరూ అలాగే పెట్టండి. ఎర్రగా మెరిసే ఆ మాత్రలు చిన్నపిల్లలకి పిప్పరమెంటు బిళ్ళల్లా కనిపిస్తాయి, నాలుగైదు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఒకవేళ మింగితే వాంతి చేయించడానికి ప్రయత్నిస్తూ కూచోకుండా, ఖాళీ షీటు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.